మీ ఇంటి మెయిన్ బోర్డు ఇంకెంత మోయగలదు?

(హనుమకొండలో కాలనీవాసుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ్టి ప్రశ్న ఒక్కటే. ఇంట్లో కొత్తగా ఇంకో ఏసీ పెట్టాలి. లేదా కరెంటు కారు కొన్నాం, దానికి ఛార్జింగ్ పాయింట్ పెట్టాలి. మన ఇంటి బోర్డు దాన్ని మోస్తుందా, మోయదా? ఎవర్ని అడుగుతారు మీరు? ఏసీ అమ్మేవాణ్ణి అడిగితే "ఏం కాదు సార్, పెట్టేద్దాం" అంటాడు. ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ణి అడిగితే బోర్డు మూత తీసి చూసి "ముప్పై రెండుది ఉన్నది, నడుస్తది" అంటాడు. ఆ ముప్పై రెండు ఏమిటో మనకు తెలియదు. ఎందుకు నడుస్తదో ఆయన చెప్పడు. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో కరెంటు బండ్లకు రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు కదా, అప్పటినుంచి ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. సమాధానం చెప్పేవాళ్ళు మాత్రం పెరగలేదు.

అందుకని ముందు ఆ డబ్బాలో ఏముందో చూద్దాం. డీబీ అంటాం, ఎంసీబీ బాక్స్ అంటాం, మెయిన్ బోర్డు అంటాం. మూత తీస్తే వరసగా స్విచ్చులు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అన్నీ ఒకటేనా? కావు. ఒక్కొక్కదాని మీద ఏం రాసి ఉందో చదవండి. సీ 32, సీ 16, బీ 10... ఇట్లా అంకెకు ముందు ఇంగ్లిషు అక్షరం ఉంటే అది ఎంసీబీ, ఆ అంకె అది మోసే కరెంటు, ఆంపియర్లలో. లోడు ఎక్కువైతే పడిపోతుంది. "టీ" అని చిన్న బటన్ ఉండి, 30 మిల్లీ ఆంపియర్లు అనో 0.03 అనో రాసి ఉంటే అది ఆర్‌సీసీబీ. మనిషికి షాక్ కొట్టినప్పుడు, కరెంటు భూమిలోకి లీకైనప్పుడు పడేది అది. లోడు ఎంత ఎక్కువైనా దానికి పట్టదు. మరి మూడోది? 40 అనో 63 అనో ఉత్త అంకె మాత్రమే ఉండి, ముందు అక్షరం లేకపోతే అది ఐసోలేటర్ అయి ఉంటుంది. అంటే ఉత్త స్విచ్చు. మీరు చేత్తో దించితే తప్ప పడదు. చాలా ఇళ్ళల్లో మెయిన్ అని మనం అనుకునేది ఇదే. "మాది 63 ఆంపియర్ల మెయిన్ సార్" అని గొప్పగా చెప్తారు. అది 63 ఆంపియర్లు మోయగల స్విచ్చు అన్నమాట, అంతే. మీ ఇంటికి 63 ఆంపియర్లు వస్తాయని కాదు.

ఎందుకు రావు? బయటికెళ్ళి మీటరు చూడండి. సింగిల్ ఫేజ్ మీటరు మీద 5–30 ఆంపియర్లు అనో, 10–60 అనో అచ్చువేసి ఉంటుంది. మీటరు 30 అయితే లోపల ఎంత పెద్ద డబ్బా పెట్టుకున్నా ఏం లాభం? మీటరుకు ముందు ఏముంది? స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు. అది ఎన్నేళ్ళ కిందటిది? ఎంత లావు? మీటరు తర్వాత డీబీ దాకా వచ్చే వైరు ఎంత లావు? స్తంభం నుంచి సాకెట్ దాకా ఈ దారిలో అన్నింటికన్నా తక్కువ అంకె ఏదో, అదే మీ ఇంటి కెపాసిటీ. డబ్బాలో ఉన్న పెద్ద అంకె కాదు.

ఒక్క మాట. మూత తీసి చదవమన్నాను గాని, స్క్రూలు విప్పమనలేదు. మెయిన్ ఆఫ్ చేసినా, దానికి మీటరు వైపు నుంచి వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మీటరు సీలు జోలికి అసలే వెళ్ళొద్దు, అది డిపార్ట్‌మెంట్ వాళ్ళ పని.

సరే, మోసే శక్తి తెలిసింది. మోయాల్సిన బరువెంత? ఇక్కడే అందరూ ఒక పొరపాటు లెక్క వేస్తారు. ఇంట్లో ఉన్న సామాన్లన్నీ రాసి, వాట్లన్నీ కూడతారు. గీజర్ 2000, ఇస్త్రీ పెట్టె 1000, ఏసీ 1600, ఓవెన్ ఇంత, మిక్సీ ఇంత... కూడితే 14 కిలోవాట్లు వస్తుంది. "వామ్మో" అని భయపడతారు. లేదా "ఇన్నాళ్ళు నడిచింది కదా, ఇదంతా ఉత్తదే" అని లెక్కే పక్కన పడేస్తారు. రెండూ తప్పే. మన ఇళ్ళల్లో పెళ్ళికి ఎనిమిది వందల మందిని పిలుస్తాం. ఎనిమిది వందల కుర్చీలు వేస్తామా? ఒక బంతిలో ఎంతమంది కూర్చుంటారో అన్ని వేస్తాం. కరెంటు లెక్క కూడా అంతే. మీ దగ్గర ఎన్ని సామాన్లున్నాయని కాదు, ఒకే సమయంలో ఎన్ని నడుస్తున్నాయని. ఏడాదిలో అన్నింటికన్నా బరువైన ఆ ఒక్క గంట ఏది?

చెప్పండి, మన దగ్గర ఏది? ... అవును, అందరూ మే నెల రాత్రి అనే అంటారు. మన ఎండలు అట్లాంటివి. వేసి చూద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు, ఒక్కోటి 1.6 అనుకుంటే 3.2 కిలోవాట్లు. హాల్లో కూలర్ ఒక 0.2, ఫ్యాన్లు 0.4, ఫ్రిజ్ 0.2, టీవీ లైట్లు 0.3. మొత్తం 4.3. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 19 ఆంపియర్లకు కొంచెం తక్కువ. ఇప్పుడు జనవరి పొద్దుగాల ఆరున్నరకు అదే ఇల్లు చూడండి. పైన ఒక గీజర్, కింద ఒక గీజర్, చెరి 2 కిలోవాట్లు. పిల్లలకు స్కూల్ టైమవుతోంది, ఎవరూ ఆగరు. ఇండక్షన్ స్టవ్ మీద పాలు, 1.8. ట్యాంకు ఖాళీ అని ఒక హెచ్‌పీ బోరు మోటరు వేశారు, అది లాగేది 1.1 దాకా. ఫ్రిజ్ 0.2, లైట్లు 0.2. ఎంతయింది? 7.3 కిలోవాట్లు. అంటే 32 ఆంపియర్లు! ఏసీ ఒక్కటి లేదు, ఫ్యాన్ కూడా లేదు. ఆ మోటరు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా లాగేదానికి ఐదారు రెట్లు లాగుతుంది, అది వేరే. గీజర్లున్న ఇంటికి ఎండాకాలం కన్నా చలికాలమే బరువు. ఏసీ కొనేటప్పుడు మనం మే నెలను ఊహించుకుంటాం, జనవరి గుర్తుకే రాదు.

"సార్, ఈ వాట్లన్నీ మాకెట్లా తెలుస్తాయి" అని అక్క అడుగుతోంది. ప్రతి సామాను వెనక స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు చిరిగిపోయిందా? మీటరును అడగండి. మీటరు మీద ఎర్ర లైటు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, చూశారా? దాని పక్కన 3200 అని రాసి ఉంటుంది, కొన్నింటి మీద వేరే అంకె ఉండొచ్చు. 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని దాని అర్థం. అన్నీ బంద్ చేసి, గీజర్ ఒక్కటే వేసి, ఫోన్లో టైమర్ పెట్టి ఒక్క నిమిషం లెక్కపెట్టండి. 53 సార్లు వెలిగితే ఒక కిలోవాట్. 106 సార్లు వెలిగితే రెండు. అంత తొందరగా వెలిగితే లెక్కపెట్టలేం అంటారా? ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా చూసుకోండి. పిల్లలకు అప్పజెప్పండి, వాళ్ళకిది ఆట.

ఇంకో సులువు కూడా ఉంది. మీటరు తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. అందులో ఎండీ అని ఒకటి వస్తుంది. ఆ నెలలో మీ ఇల్లు లాగిన అత్యధిక లోడు అది, కిలోవాట్లలో. బిల్లు తీసేవాళ్ళు రావడానికి ముందురోజు చూడండి. జనవరిది ఒకటి, మే నెలది ఒకటి ఫోటో తీసి పెట్టుకుంటే, మీ బరువైన గంట ఏదో ఎవరినీ అడగక్కర్లేదు. కాకపోతే అది కొన్ని నిమిషాల సగటు. మోటరు స్టార్ట్ అయిన క్షణపు దెబ్బ అందులో కనిపించదు. నేనైతే ఎలక్ట్రీషియన్ మాట కన్నా, నా లెక్క కన్నా కూడా ఆ ఎండీనే ముందు నమ్ముతాను.

ఇప్పుడు పక్కవాళ్ళకు కూడా చెప్పాల్సిన సంగతి. "మా ఎంసీబీ ఎప్పుడూ పడలేదు సార్, కాబట్టి అంతా బాగానే ఉంది." ఈ మాట ఎంతమంది అన్నారో! ఎంసీబీ ఎట్లా పనిచేస్తుందో చూడండి. 32 ఆంపియర్ల ఎంసీబీలో 33 పోతే పడుతుందా? పడదు. 36 పోయినా గంటసేపు పడకూడదు, స్టాండర్డే అట్లా ఉంది. 46 పోతే గంటలోపు పడాలి. గంటలోపు అన్నారు గాని వెంటనే అనలేదు. అంటే పొద్దున ముప్పావుగంట మీ వైరు 40 ఆంపియర్లు మోసినా, డబ్బా కిక్కురుమనకపోవచ్చు. వేడెక్కేది వైరు. ఆ వేడి ఎట్లా పెరుగుతుందో తెలుసు కదా, కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు.

ఇక పడుతున్న ఇళ్ళ సంగతి. రోజూ పడుతోందని ఏం చేస్తారు? "పెద్దది ఏసెయ్" అంటారు. 16 తీసి 32 పెడతారు. నిజంగానే పడదు ఇక! ఎందుకు పడుతుంది? ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. గోడలో ఉన్న రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు పైపులో మోసేది 20 ఆంపియర్ల అటూఇటూ. దానికి ముందు 32 పెడితే, ఎంసీబీ కన్నా ముందు వైరే కాలుతుంది. పాత రోజుల్లో ఫీజు క్యారియర్లో సన్న తీగ పోయిందని లావు తీగ చుట్టేవాళ్ళం కదా, ఇదీ అదే పని. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచకూడదు. ఇది మాత్రం ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పండి, ఆయన మొహమాటపెట్టినా సరే.

కరీమాబాద్ వైపు, దేశాయిపేట వైపు పాత ఇళ్ళున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ ఇళ్ళల్లో త్రీ ట్వెంటీ, సెవెన్ ట్వెంటీ అనే వైర్లుంటాయి. త్రీ ట్వెంటీ అంటే ఇవాళ్టి లెక్కలో దాదాపు 2 స్క్వేర్ ఎంఎం, సెవెన్ ట్వెంటీ నాలుగున్నర దాకా. కొన్ని ఇళ్ళల్లో అల్యూమినియం వైరు కూడా ఉంటుంది. అదే లావు రాగితో పోలిస్తే అది మోసేది తక్కువ. అసలు ఇబ్బంది మోయడంలో కన్నా జాయింటులో ఉంది. అల్యూమినియం, రాగి కలిపి మెలేసి టేపు చుట్టిన చోట పొర పడుతుంది, వదులవుతుంది, అక్కడే వేడి. మీ మెయిన్‌కు లెక్క ప్రకారం ఎంత జాగా ఉన్నా, ఆ ఒక్క వదులు జాయింటు దగ్గర అంతా ఆగిపోతుంది. బోర్డు మూత పైనుంచి చేయి పెట్టి చూడండి, పొడి చేత్తో, బరువైన గంట నడుస్తున్నప్పుడు. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడి ఉన్నా, ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా, గుయ్ అని చప్పుడు వచ్చినా కొత్త లోడు మాట పక్కన పెట్టి ముందు దాన్ని బాగు చేయించండి.

ఇంకోటి, మన ఎండలు. మామూలు ఇంటి ఎంసీబీ మీద అంకె 30 డిగ్రీల వేడికి లెక్కగట్టి వేసింది. మే నెలలో మన దగ్గర బయట 44, 45. పడమటి గోడకు, ఎండ తగిలే చోట డబ్బా పెడితే లోపల ఇంకా ఎక్కువ. అప్పుడు అదే ఎంసీబీ ముందే పడుతుంది, అదే వైరు తక్కువ మోస్తుంది. అందుకని నేను చెప్పేది, గంటల తరబడి నడిచే లోడుకు అంకెలో ఐదింట నాలుగు వంతులే వాడండి. 32 అయితే 25 అనుకోండి. కిలోవాట్లలో 6కు కొంచెం తక్కువ.

ఇప్పుడు కారు. చాలామంది దీని కోసమే వచ్చారని తెలుసు. ఏసీకీ కారుకీ తేడా ఏమిటి? ఏసీ గది చల్లబడ్డాక తగ్గుతుంది. గీజర్ ఇరవై నిమిషాల్లో కటాఫ్ అవుతుంది. కారు ఛార్జర్ అట్లా కాదు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టే ఛార్జర్ 3.3 కిలోవాట్లు, అంటే 14 ఆంపియర్లకు పైనే, ఆగకుండా గంటల తరబడి లాగుతుంది. మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు ఆగిన సాకెట్ దీనికి ఆగదు. కరిగిపోవచ్చు. స్కూటర్ సంగతి వేరు. దాని ఛార్జర్ ఒక కిలోవాట్ లోపే, దానికి ఇంత లెక్క అక్కర్లేదు. మంచి సాకెట్, మంచి ఎర్త్ ఉంటే చాలు.

మన ఉదాహరణ ఇంటికే కారు తెద్దాం, దాని మెయిన్ 32 ఆంపియర్లది అనుకుందాం. మే నెల రాత్రి 4.3 ఉంది కదా. ఆఫీసు నుంచి రాగానే ఎనిమిదింటికి కారు పెట్టారు. 7.6 కిలోవాట్లు, 33 ఆంపియర్లు. 32 మెయిన్ దాటింది. అదే కారును టైమర్ పెట్టి రాత్రి ఒంటిగంటకు మొదలుపెట్టారనుకోండి. టీవీ, లైట్లు బంద్. గదులు చల్లబడ్డాయి, ఇన్వర్టర్ ఏసీలు సగానికి దిగాయి. కారుతో కలిపి 5.7 దగ్గర ఉంటుంది, 25 ఆంపియర్లు. అదే బోర్డు, అదే కారు. మారింది టైమ్ ఒక్కటే! మరి పొద్దుటికి నిండుతుందా? రోజుకు ఎంత తిరుగుతారు మీరు? కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా పోయి వచ్చి, మధ్యలో రెండు పనులు చూసుకున్నా 40 కిలోమీటర్లు దాటదు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పట్టుకుంటే 6 యూనిట్లు. 3.3 ఛార్జర్‌తో రెండు గంటల పని. గీజర్లు మొదలయ్యే ఆరున్నర లోపు ఎప్పుడో అయిపోతుంది.

షోరూమ్ వాళ్ళు 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ ఇస్తామంటారు. 7.2 అంటే 31 ఆంపియర్లు. మీ ఇంటి మొత్తం మెయిన్ అంత! రోజూ హైదరాబాద్ పోయి వచ్చేవాళ్ళకు అవసరమే. మిగతావాళ్ళకు ఎందుకో నాకర్థం కాదు. కావాలనుకుంటే ముందు త్రీ ఫేజ్ తీసుకోండి, తర్వాత బాక్సు. 3.3 దానికైనా సరే, మెయిన్ నుంచి వేరే లైను లాగించండి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్. ఆర్‌సీసీబీ దానికంటూ ఒకటి. కొనేటప్పుడు "టైప్ ఏ" అని అడగండి. మన ఇళ్ళల్లో మామూలుగా ఉండేది టైప్ ఏసీ, బండి ఛార్జర్ల నుంచి వచ్చే కొన్ని రకాల లీకేజీ దానికి కనపడదు. ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోకుండా నీళ్ళు పోయండి. ఇంకా, 2023 జులై వరదల్లో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో మీరే చూశారు. పార్కింగ్‌లో మోకాలి ఎత్తున సాకెట్ పెట్టించకండి. ఛాతీ ఎత్తుకు పెట్టించండి.

త్రీ ఫేజ్ ఉన్నవాళ్ళు నవ్వుకుంటున్నారు, మాకేం భయం లేదని. ఉంది. ఇంట్లో మూడు ఫేజులున్నా, రెండు ఏసీలు, గీజర్ అన్నీ ఒకే ఫేజుకు తగిలించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒక ఫేజు మీద 25 ఆంపియర్లు, మిగతా రెండింటి మీద మూడేసి. కారు పాయింట్ ఏ ఫేజుకు ఇస్తున్నాడో అడగండి. టాంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం, పెట్టి మూడు ఫేజులు వేర్వేరుగా చూపించమనండి. న్యూట్రల్ బిగుతుగా ఉందో లేదో కూడా చూపించమనండి. త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ వదిలితే టీవీకి, ఫ్రిజ్‌కు 230 పోయి 400 దాకా రావచ్చు.

చివరిగా డిపార్ట్‌మెంట్ విషయం. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఉంటుంది. చాలామందికి ఒకటో రెండో కిలోవాట్లు, ఇల్లు కట్టినప్పుడు రాయించిందే. వాడేది ఐదు. "పెంచితే డబ్బు కట్టాలి కదా సార్" అంటారు. కట్టాలి. డెవలప్‌మెంట్ ఛార్జీలు ఉంటాయి, నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా కిలోవాట్ లెక్కనే. కానీ చూడండి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏది అనుకుందాం (కేవీఏ అంటే ఇంచుమించు కిలోవాటే అనుకోండి), నలభై ఇళ్ళు. ఇంటికి రెండున్నర చొప్పున. అందరూ కాగితం మీద రెండు రాయించి, మే రాత్రి ఐదు లాగితే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది. అప్పుడు లైన్‌మన్‌ను తిడతాం. పాపం ఆయనేం చేస్తాడు? పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని చూపించడానికి కాగితం మీద లోడు ఉండాలి కదా. ఉత్తర తెలంగాణ అంతటికీ కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు మన నక్కలగుట్టలోనే ఉంది. అక్కడిదాకా కూడా పోనక్కర్లేదు, మీ సెక్షన్ ఆఫీసులో అడిగితే చెప్తారు. సర్వీసు వైరు, మీటరు మారాల్సి ఉంటే అదీ అప్పుడే తేలుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

కాంట్రాక్టెడ్ లోడ్ పెంచితే జీరో బిల్లు పోతుందా అని అడుగుతున్నారు. గృహజ్యోతి పథకంలో జీరో బిల్లుకు పరిమితి నెలకు 200 యూనిట్లు, కిలోవాట్లు కాదు. కాకపోతే ఇందాక లెక్క వేశాం కదా, కారుకు రోజుకు 6 యూనిట్లు అంటే నెలకు 180. ఇక ఇంటికి మిగిలేది 20. కారు వచ్చాక జీరో బిల్లు మీద ఆశ పెట్టుకోకండి అన్నా.

సోలార్ పెట్టుకుంటే ఈ లెక్కలు తప్పుతాయా? తప్పవు. బిల్లు తగ్గుతుంది, అది మంచిదే. కానీ మీ బరువైన గంట రాత్రి పదింటికో, జనవరి పొద్దున ఆరున్నరకో. అప్పుడు ఎండ ఎక్కడుంది? వైరుకు, మెయిన్‌కు బరువు అంతే.

అమ్మ అడిగింది, పాత ఇల్లు, మొత్తం వైరింగ్ తీసి కొత్తది వేయించాలా అని. అక్కర్లేదమ్మా. పాత వైరింగును లైట్లకు, ఫ్యాన్లకు వదిలేయండి, దాని ఎంసీబీలు చిన్నవే ఉంచండి. ఏసీ, గీజర్, కారు, ఈ బరువైన మూడింటికి మీటరు తర్వాత కొత్త మెయిన్ నుంచి వేర్వేరు లైన్లు, గోడ పగలగొట్టకుండా పైపు బయటినుంచే వేయించండి. చూడటానికి అంత అందంగా ఉండదు. ఖర్చు మాత్రం చాలా తగ్గుతుంది, రేపు ఏదైనా కాలినా ఎక్కడ కాలిందో కంటికి కనిపిస్తుంది. బిల్లులు, మీటరు ఫోటోలు తెచ్చినవాళ్ళు ఇటు టేబుల్ దగ్గరకు రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.